ఐదు కిలోల గ్రేవీ అడుగంటకుండా రావాలంటే

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో ఇంటి దగ్గరే కర్రీ పాయింట్ పెట్టి ఏడు నెలలైంది. మొదట్లో రోజుకు కిలో ఎర్రగడ్డలతో మసాలా గ్రేవీ చేసిపెట్టుకుని, దాన్నే ఎగ్ కర్రీకి, పనీర్‌కి, చికెన్‌కి వాడుకునేదాన్ని. బాగా వచ్చేది. ఇప్పుడు గిరాకీ పెరిగింది. పెద్ద స్టీలు గిన్నె కొని ఐదు కిలోలు ఒకేసారి వేస్తున్నా. నూనెలో గడ్డలు, అల్లం తెల్లగడ్డ ముద్ద, పొడులు, మూడు కిలోల టమోటాలు, జీడిపప్పు, చెనిక్కాయలు అన్నీ మగ్గించి, మిక్సీ పట్టి, మళ్లీ గిన్నెలో పోసి దగ్గరపడేదాకా ముప్పావు గంట పెద్ద మంట మీద ఉడికిస్తా. రోజూ అడుగంటుతోంది. పక్కనే నిలబడి తిప్పుతున్నా ఆగడం లేదు. ఎర్రగా ఉండాల్సిన గ్రేవీ మట్టి రంగుకు తిరుగుతోంది. పోయిన ఆదివారం మాడు వాసన వస్తోందని ముగ్గురు కూర వెనక్కి తెచ్చిచ్చారు. మా అత్తమ్మ నూనె ఇంకా పొయ్యమంటుంది. సాయానికి వచ్చే అమ్మాయి వంట సోడా వెయ్యమంటుంది. పొయ్యి దగ్గరికి పోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది? మాడినదాన్ని సరిచేసుకునే దారి ఉందా? ఆదివారం గ్రేవీ సగం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, పారేయడానికి మనసు రావడం లేదు.
– ఒక సోదరి, అనంతపురం

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ ముగ్గురి సంగతి. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. వాళ్లు చెప్పబట్టే నీకు తెలిసింది. మాట చెప్పకుండా పక్క వీధి కర్రీ పాయింట్‌కు పోయేవాళ్లతోనే మనకు నష్టం. వాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వకపోయి ఉంటే, గ్రేవీ బాగా కుదిరిన రోజు తలా ఒక ప్యాకెట్ కూర కట్టివ్వు. మళ్లీ వస్తారు.

ఇక నీ చేతి వంటలో తప్పేమీ లేదు. నువ్వు నేర్చుకున్నది కిలో గడ్డల వంట. దాన్నే ఐదింతలు చేశావు. సరుకులు ఐదింతలు చేయొచ్చు గానీ, పొయ్యి మీద జరిగే పని అలా ఐదింతలు కాదు. నేను కర్నూలులో పదేళ్లు మెస్ నడిపాను. మొదటి ఏడాది ఇదే చోట పడ్డాను కాబట్టి, నువ్వు రాసింది చదువుతుంటే ఆ గిన్నె నా కళ్ల ముందు కనిపించింది.

ఎర్రగడ్డలో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలో గడ్డలు వెడల్పాటి బాణలిలో వేస్తే ఆ నీరు చాలావరకు పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆవిరైపోతుంది. అప్పటి నుంచి గడ్డలు నూనెలో వేగుతాయి. ఐదు కిలోల్లో నాలుగు లీటర్లకు పైగా నీరుంటుంది. నీ కొత్త గిన్నె లోతు పెరిగింది గానీ, ఆవిరి పైకి పోయే మూతి ఐదింతలు వెడల్పు కాలేదు. అందుకే పైన గడ్డలు పచ్చిగా ఉంటాయి, నడుమవి ఉడుకుతుంటాయి, అడుగున ఉన్నవి మాత్రం రంగు మారిపోతుంటాయి. ఎంతసేపటికీ వేగడం లేదని మనం మంట పెంచుతాం. ఆ మంట పైదాకా పోదు. మొత్తం అడుగునే తగులుతుంది.

రెండో చిక్కు మిక్సీ పట్టిన తర్వాత మొదలవుతుంది. చారు కాగేటప్పుడు ఎవరూ పక్కన నిలబడి తిప్పరు. అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, పైన ఉన్నది కిందికి దిగుతుంది, తనంతట తానే కలుస్తుంది. సంగటి అట్లా కాదు. పిండి పడ్డాక తెడ్డుతో గెలకకుండా ఐదు నిమిషాలు వదిలితే అడుగు చెక్కలాగా కడుతుంది. మిక్సీ పట్టిన గ్రేవీ మొదట చారు, దగ్గరపడేకొద్దీ సంగటి. పలుచగా ఉన్నంతసేపు దానిలో నీరు తిరుగుతూ ఉంటుంది కాబట్టి అడుగున కూడా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చిక్కబడ్డాక అడుగున ఉన్న పొర అక్కడే ఉండిపోతుంది. ఆ పొరలో నీరు ఇంకిపోగానే వేడి 100 దాటి పైపైకి పోతుంది. గడ్డల్లోనూ టమోటాల్లోనూ ఉన్న తీపి, జీడిపప్పులో చెనిక్కాయల్లో ఉన్న మాంసకృత్తులు, అల్లంలో ఉన్న పిండి పదార్థం అన్నీ ఆ పల్చటి పొరలో వేగి, ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నువ్వు ముప్పావు గంట పెద్ద మంట మీద చేస్తున్నది ఇదే.

చెవితో కూడా దీన్ని పట్టుకోవచ్చు. గ్రేవీ పలుచగా ఉన్నప్పుడు చిన్నచిన్న బుడగలు గిన్నె అంతా ఒకేలా లేస్తూ గలగలమంటుంది. చిక్కబడుతుంటే ఆ చప్పుడు ఆగి, ఒకటి అరా పెద్ద బుడగ బుడుక్కుమని లేచి చెయ్యి మీదికి చిమ్ముతుంది. ఆ బుడుక్ వినపడిందంటే అడుగున ఆవిరి దారి లేక పొరను చీల్చుకుని వస్తోందని అర్థం. ఆ క్షణానే మంట తగ్గించి ఒక గ్లాసు వేడి నీళ్లు పొయ్యి. వాసన వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అడుగు ఎర్రబడటం, అడుగంటడం, మాడటం మూడూ ఒకటి కావు. ఈ తేడా తెలియకపోతే రెండు తప్పుల్లో ఒకటి చేస్తాం. భయపడి గడ్డలను పచ్చిగా వదిలేస్తాం, లేకుంటే ధైర్యం చేసి మాడుస్తాం. తేనె రంగు నుంచి ఇటుక రంగు దాకా వచ్చే ఎరుపు మనకు కావాల్సిందే. మసాలా కూరకు ఆ కమ్మదనం అక్కడి నుంచే వస్తుంది. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి రంగూ రుచీ పుట్టించే ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. ఇది చురుగ్గా జరగాలంటే 140 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. అంటే నీళ్లలో ఉడికేటప్పుడు అంతగా జరగదు, నీరు పోయాకే జరుగుతుంది. ఇటుక రంగు దాటి కాఫీ గింజ రంగుకు వచ్చిందంటే చేదు మొదలైనట్టే. అక్కడి నుంచి వెనక్కి రావడం లేదు.

కాబట్టి నేను నీకు చెప్పేది ఒకటే: ఎర్రబరచడం చిన్న బాణలిలో చెయ్యి, ఉడికించడం పెద్ద గిన్నెలో చెయ్యి. రెండు పనులూ ఒకే గిన్నెలో చేయించబోతేనే అడుగంటుతుంది.

ఐదు కిలోల్లో ఒక కిలో గడ్డలు పక్కన పెట్టు. వాటిని సన్నగా, అన్నీ ఒకే మందంలో తరుగు. కొన్ని లావు, కొన్ని సన్నం అయితే సన్నవి మాడేసరికి లావువి తెల్లగానే ఉంటాయి. వెడల్పాటి బాణలిలో అరలీటరు పైచిలుకు చెనిక్కాయ నూనె పోసి, కాగాక ఈ కిలో గడ్డలు వెయ్యి. చిటికెడు ఉప్పు వేస్తే నీరు తొందరగా వదులుతుంది. మొదటి పావుగంట మధ్య మంట మీద పెద్దగా తిప్పే పని కూడా ఉండదు, ఆ నీరే కాపాడుతుంది. బుడగలు తగ్గి, గడ్డలు ముడుచుకుని అంచులు బంగారు రంగుకు తిరిగాక మాత్రం పక్కకు కదలకు. ఫోన్ మోగినా తీయకు. ఆ చివరి మూడు నాలుగు నిమిషాల్లోనే తేనె రంగు ఇటుక రంగవుతుంది, ఇటుక రంగు నల్లబడుతుంది. నీకు కావాల్సిన రంగు కన్నా కొంచెం ముందే చిల్లుల గరిటెతో తీసి పళ్లెంలో పరుచు. పళ్లెంలో పడ్డాక కూడా లోపలి వేడికి ఇంకొంచెం రంగెక్కుతాయి. నూనె బాణలిలోనే ఉంచు, దాంతో పనుంది.

మిగతా నాలుగు కిలోలు ఎట్లా తరిగినా పర్వాలేదు, నాలుగు ముక్కలు చేసినా చాలు. పెద్ద గిన్నెలో వేసి, అరలీటరు నీళ్లు, రెండు చెంచాల ఉప్పు వేసి, మూత పెట్టి మధ్య మంట మీద ఉడికించు. ఇక్కడ నూనె వద్దు, రంగు వద్దు. మూత ఉంటే ఆవిరి మళ్లీ లోపలికే దిగుతుంది కాబట్టి అడుగు ఎండదు. పదినిమిషాలకోసారి కిందివి పైకి తెస్తే చాలు. అరగంట, ముప్పావు గంటలో ముక్క వేళ్ల మధ్య నలిపితే వెన్నలా అణిగిపోతుంది. అప్పుడు టమోటాలు వెయ్యి, ముందు వద్దు. పులుపు తగిలితే గడ్డ తొందరగా మెత్తబడదు. పప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన అమ్మలు చెప్పేది ఇందుకే. కుక్కర్‌లో చేసుకోవచ్చు గానీ, అర కుక్కర్‌కు మించి నింపకు. నీకు రెండు మూడు వాయిలు పడతాయి.

టమోటా ఏ రకమో కూడా చూసుకో. మీ కక్కలపల్లి మార్కెట్‌లో దొరికే గట్టి హైబ్రిడ్ కాయలో గుజ్జు ఎక్కువ, పులుపు తక్కువ. నాటు కాయలో రసం, పులుపు రెండూ ఎక్కువ. నాటు టమోటాలు వేస్తే అరలీటరు నీళ్లలో సగం తగ్గించుకోవచ్చు. గడ్డల్లో కూడా కొత్త పంటకూ నిల్వ సరుకుకూ తేడా ఉంటుంది. మా కర్నూలు యార్డుకు వచ్చే కొత్త గడ్డ పచ్చిగా, నీరు పట్టి ఉంటుంది, మెత్తబడి తొందరగా నీరు వదులుతుంది. నెలల తరబడి ఆరిన గడ్డకు నీరు తక్కువ, తీపి గాఢం, అది ఇంకా ముందే రంగెక్కుతుంది. అందుకే గడియారం చూసి కాకుండా గడ్డను చూసి దించుకోవాలి.

ఉడికిన గడ్డలు, టమోటాలు చల్లారాకే మిక్సీ పట్టు. వేడి వేడిగా పట్టి మూత ఎగిరి మొహం మీద చిమ్మితే బొబ్బలెక్కుతాయి. పళ్లెంలో ఉన్న ఎర్రబరిచిన గడ్డలను కూడా ఇందులోనే కలిపి పట్టెయ్యి. మిక్సీ తిప్పగానే ముద్ద లేత గులాబీ రంగుకు తిరుగుతుంది, అది చూసి కంగారు పడకు. మిక్సీలో గాలి కలవడం వల్ల వచ్చే రంగు అది. ఉడికితే పోతుంది. పచ్చి గడ్డలను మాత్రం ఎప్పుడూ ముద్ద పట్టకు. చేదు, ఘాటు రెండూ వస్తాయి. నూనెలో వేస్తే చిమ్ముతుంది, అంటుకుంటుంది కూడా.

ఇప్పుడు ఆ బాణలిలో ఉన్న నూనె. అది గడ్డలు వేగిన నూనె కాబట్టి దానికే సగం రుచి. మంట బాగా తగ్గించి, పావుకిలో తెల్లగడ్డ, దానికి కొంచెం తక్కువ అల్లం కలిపి నూరిన ముద్దలో పావు గ్లాసు నీళ్లు కలిపి వెయ్యి. గట్టి ముద్ద అట్లాగే వేస్తే క్షణంలో అడుగుకు పట్టుకుంటుంది. తెల్లగడ్డలో నీరు ఎర్రగడ్డ కన్నా చాలా తక్కువ, అందుకే దానికి అంత తొందర. పచ్చి వాసన పోయి ముద్ద పక్కకు జరిగితే నూనె కనపడాలి. పసుపు, కారం, ధనియాల పొడి ఒక గిన్నెలో నీళ్లతో జారుగా కలిపి ఉంచుకుని అప్పుడు పొయ్యి. పొడి కారం కాగిన నూనెలో వేస్తే పది పదిహేను సెకన్లలో నల్లబడుతుంది. నీ గ్రేవీకి మట్టి రంగు వస్తున్నదానికి సగం కారణం అదే అని నా అనుమానం, ఎందుకంటే నువ్వు పొడులు టమోటాల కన్నా ముందు, గడ్డలు అంటుకుంటున్న గిన్నెలో వేస్తున్నావు. రంగు కోసం బ్యాడిగి మిరపకాయల కారం, ఘాటు కోసం గుంటూరు కారం చెరిసగం వాడి చూడు.

ఇక్కడ కొంచెం అంటుకుంటుంది. అంటుకోనివ్వు. ఇది మంచి అంటుకోవడం. అట్లకాడ అంచుతో అడుగున ఒక గీత గీసి చూడు. గీత వెనక నుంచి నూనె మెల్లగా జారి వచ్చి కప్పేస్తే ఇంకా టైముంది. గీత అట్లాగే నిలబడి, అడుగున తేనె రంగు పొర కనపడితే పావు గ్లాసు వేడి నీళ్లు చిలకరించు. చుర్రుమంటుంది, పొర ఊడుతుంది, అట్లకాడతో గీరి మసాలాలో కలిపెయ్యి. మళ్లీ నూనె తేలేదాకా ఆగి, మళ్లీ పావు గ్లాసు. ఇట్లా మూడుసార్లు చేస్తే చాలు. ప్రతిసారీ కొంచెం కొంచెం రంగు ముదురుతుంది, వాసన మారుతుంది. మూడోసారికి వంటింట్లో ఎవరికైనా ఆకలేస్తుంది. చిన్న బాణలిలో ఇది చేతిలో ఉండే పని. పన్నెండు లీటర్ల గిన్నెలో ఎవరి వల్లా కాదు.

తర్వాత మిక్సీ పట్టిన గ్రేవీనీ, ఈ మసాలానూ పెద్ద గిన్నెలో కలిపి, ఒకటిన్నర లీటరు వేడి నీళ్లు పోసి, దోసె పిండి కన్నా పలుచగా చేసి, మూత వారగా పెట్టి మధ్య మంట మీద ఇరవై నిమిషాలు కాగనివ్వు. దగ్గరపడనివ్వకు. ఇది నీకు కొత్తగా అనిపించొచ్చు గానీ, పెద్ద మొత్తంలో చేసేవాళ్లు పాటించాల్సింది ఇదే. గ్రేవీని పలుచగానే దాచుకోవాలి, చిక్కబరచడం ఏ కూరకు ఆ కూర చిన్న బాణలిలో చేసుకోవాలి. రెండు గరిటెల గ్రేవీ వెడల్పు బాణలిలో నాలుగైదు నిమిషాల్లో దగ్గరపడుతుంది, నూనె తేలుతుంది, గుడ్లు వేస్తే ఎగ్ కర్రీ. పన్నెండు లీటర్లను దగ్గరపరచాల్సిన అవసరం అసలు నీకు లేదు.

జీడిపప్పు, చెనిక్కాయలు కూడా ఈ గ్రేవీలో వద్దు. మన సీమలో గుత్తి వంకాయ చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు, వేయించిన చెనిక్కాయలు, నువ్వులు, ఎండు కొబ్బరి నూరి వేశాక కూర మీద నుంచి కన్ను తీయలేం. ఆ ముద్ద నీరు పీల్చుకుని చిక్కబడుతుంది, బరువుగా అడుగుకు దిగుతుంది. కాబట్టి ఆ ముద్దను విడిగా ఫ్రిజ్‌లో పెట్టుకో. ఏ కూరకు కావాలో దానికి, చివర్లో, వేడి నీళ్లలో జారుగా కలిపి, సిమ్‌లో ఐదు నిమిషాలు.

ఈ ముద్దతో నాకు జరిగింది చెప్తా. మా పెద్దమామ పెళ్లిళ్లకు వంట చేసేవాడు. నంద్యాలలో ఒక గృహప్రవేశానికి నన్ను సాయానికి తీసుకుపోయాడు. గుత్తి వంకాయకు పెద్ద గిన్నె నిండా మసాలా పెట్టాం. తెడ్డు నా చేతికిచ్చి అన్నం వార్చడానికి పోయాడు. నేను ఆపకుండా తిప్పుతూనే ఉన్నా, కాని నడుమనే తిప్పుతున్నా. గిన్నె మూలలకు, అంటే అడుగు గోడను కలిసే వంపుకు, తెడ్డు పోలేదు. సరిగ్గా మంట తగిలేది ఆ వలయంలోనే. వాసన వచ్చేసరికి భయంతో అడుగును గట్టిగా గీరాను. అదే నేను చేసిన అసలు పొరపాటు. నల్ల పెచ్చులు లేచి కూరంతా కలిశాయి. మామ పరుగున వచ్చి, "గెలకొద్దు, దించు" అన్నాడు. అప్పటికే అయిపోయింది. పొయ్యి ఆపి పైది పైనే తీసుకుని ఉంటే ముప్పావు కూర దక్కేది. ఆ రోజు వంకాయ కూర లేకుండానే భోజనాలు పెట్టాం. ఆ ఇంటావిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నువ్వు "పక్కనే నిలబడి తిప్పుతున్నా" అని రాశావు చూడు, అందుకే ఇదంతా చెప్పా. గుండ్రటి గరిటెతో తిప్పితే గ్రేవీ తిరుగుతుంది గానీ అడుగు కదలదు. చివర చదునుగా ఉన్న కొయ్య తెడ్డు తీసుకో, పిడి పొడుగ్గా ఉండాలి. ముందు అంచు వెంబడి ఒక చుట్టు, తర్వాత అడుగున అటూ ఇటూ దున్నినట్టు. ఒకచోట తెడ్డు గరుకుగా తగిలితే దాన్ని పదే పదే గీరకు. మంట తగ్గించి, వేడి నీళ్లు పోసి, మూతపెట్టి రెండు నిమిషాలు వదులు. తేనె రంగు పొర అయితే నాని అదే ఊడొస్తుంది. ఊడకపోతే అది మాడు, దాన్ని అట్లాగే వదిలెయ్యి.

గిన్నె గురించి. పల్చటి స్టీలు వేడిని పక్కకు పరచదు. మంట ఎక్కడ తగిలితే అక్కడే కాలుతుంది. నీ గిన్నె కడిగాక అడుగున చూడు, బర్నర్ ఆకారంలో గుండ్రంగా మచ్చ కనపడుతుంది. అల్యూమినియం వేడిని స్టీలు కన్నా పది రెట్లకు మించి తొందరగా పరుస్తుంది. అందుకే రెండు స్టీలు పొరల నడుమ అల్యూమినియం పొర బిగించిన మందపాటి గిన్నెలు వచ్చాయి, ట్రిప్లై అంటారు. పెద్ద సైజు ఖరీదే. ఇప్పుడే కొనక్కర్లేదు. పాత రొట్టెల పెనం ఒకటి బర్నర్ మీద పెట్టి దాని మీద గిన్నె పెట్టు. మంట నేరుగా తగలదు, వేడి అడుగంతా సమంగా పరుచుకుంటుంది. దమ్ బిర్యానీ కింద పెనం పెట్టేది ఇందుకే. ఉట్టి అల్యూమినియం గిన్నెలో వండినా, టమోటా పులుపున్న గ్రేవీని అందులో రాత్రంతా ఉంచకు.

మీ అత్తమ్మ మాటలో నిజం కొంత ఉంది. నూనె మరీ తక్కువైతే గడ్డలు నూనెలో వేగకుండా ఉట్టి గిన్నెకు అంటుకుంటాయి. కాని నేను పైన చెప్పిన కొలతకు నూనె సరిపోతుంది. అడుగున పొర ఎండిపోయాక పైన లీటరు నూనె తేలుతున్నా అది మాడుతుంది. ఆమెకు మర్యాదగా చెప్పు, చిన్న బాణలిలో గడ్డలు వేయించే పని ఆమెకే అప్పజెప్పు. ఏళ్లుగా వంట చేసిన కంటికి రంగు బాగా తెలుస్తుంది. సోడా మాత్రం వద్దే వద్దు. గడ్డలు తొందరగా మెత్తబడే మాట నిజమే, కాని సోడా రంగును ఇంకా తొందరగా ముదురుస్తుంది, టమోటా పులుపును చంపేస్తుంది, సబ్బు రుచి తగిలిస్తుంది. నీకున్న రెండు బాధలకు మూడోది కలుపుతుంది.

ఇంకో చోట కూడా అడుగంటుతుంది, నువ్వు రాయలేదు గానీ తప్పకుండా జరుగుతుంటుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసిన గ్రేవీ వేడి చేసేటప్పుడు. చల్లటి గ్రేవీ గడ్డకట్టినట్టు ఉంటుంది, దాన్ని ఉట్టి గిన్నెలో వేసి మంట పెడితే పైన చల్లగా ఉండగానే అడుగు మాడుతుంది. ముందు గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు మరిగించు. ఆ మరిగే నీళ్లలో గ్రేవీ వెయ్యి, మూతపెట్టు, సిమ్‌లో కరగనివ్వు, తర్వాత మొత్తం బుడగలు వచ్చేలా బాగా కాగనివ్వు. దాచేటప్పుడు కూడా పెద్ద గిన్నెతో అట్లాగే పెట్టకు, నడుమ గంటలకొద్దీ వెచ్చగానే ఉండి పులుస్తుంది. వెడల్పు పళ్లేల్లో పోసి చల్లార్చి, రెండు గంటల్లోపు ఒక రోజుకు సరిపడే చిన్న స్టీలు డబ్బాల్లో ఫ్రిజ్‌కు ఎక్కించు. అనంతపురం ఎండల్లో ఈ రెండు గంటలు దాటనివ్వకు. మూడో రోజుకు మించి వాడకు. పొద్దున తీసిన డబ్బాను ఆ రోజే అయిపోగొట్టు.

అడుగంటితే ఏం చేయాలని అడిగావు. వాసన తగలగానే పొయ్యి ఆపు. తిప్పకు. మూత తీసి ఉంచు, లేకపోతే ఆ పొగ వాసన గ్రేవీలోకే దిగుతుంది. గిన్నె వంచకుండా, పైనుంచి గరిటెతో వేరే గిన్నెలోకి తీసుకో. చివరి రెండు వేళ్ల లోతు గ్రేవీని ఆశపడకుండా వదిలెయ్యి. తీసినదాన్ని గది బయటికి తీసుకుపోయి వాసన చూడు, ఎందుకంటే వంటింట్లో గాలికే మాడు వాసన ఉంటుంది, ముక్కు మోసపోతుంది. తర్వాత ఒక ముద్ద అన్నంలో కలిపి తిను. నాలుక చివర కాదు, మింగాక గొంతులో చేదు తగులుతుందేమో చూసుకో. తగలకపోతే నిశ్చింతగా వాడుకో. తగిలితే చక్కెర, మీగడ, గరం మసాలా ఏవీ దాన్ని దాచలేవు. ఆలుగడ్డ వేస్తే పీల్చేస్తుందని చెప్తారు, నేను రెండుసార్లు వేసి చూశా, ఆలుగడ్డ కూడా చేదైంది.

గిన్నెను కత్తితో గీరకు. గీతలు పడ్డ చోటే రేపు మళ్లీ అంటుకుంటుంది. స్టీలు గిన్నె కాబట్టి నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి పది నిమిషాలు మరిగించి రాత్రికి వదిలెయ్యి. సోడాకు ఉన్న పని ఇదే. పొద్దునకు కొబ్బరి పీచుతో రుద్దితే పెచ్చులుగా లేచిపోతుంది. అల్యూమినియం గిన్నె అయితే సోడా వద్దు, నల్లబడుతుంది. దాంట్లో చింతపండు నీళ్లు మరిగించు.

మొదటిసారి ఐదు కిలోలతో మొదలుపెట్టకు. గిరాకీ తక్కువగా ఉండే రోజు చూసుకుని, రెండున్నర కిలోలతో, అరకిలో ఎర్రబరిచి రెండు కిలోలు ఉడికించి ఒకసారి చూసుకో. చెయ్యి కుదిరాక పెంచు.

ఫ్రిజ్‌లో ఉన్న ఆదివారం గ్రేవీ మాత్రం పారెయ్ తల్లీ. వెనక్కి వచ్చిన కూరలో పడ్డ గ్రేవీయే అది, పైగా ఈ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే మూడు రోజులు దాటిపోయింది. అందులో పోయిన గడ్డలు, నూనె, గ్యాస్ ఖర్చు నాకు తెలుసు, ఆ డబ్బు నువ్వు ఎంత కష్టపడి కూడబెట్టావో కూడా ఊహించగలను. అయినా దాన్ని కొత్త గ్రేవీలో కొంచెం కొంచెం కలిపి వాడేద్దామని అనుకోకు. ఒక్క గరిటె చాలు, కొత్త గిన్నె మొత్తానికీ ఆ వాసన ఎక్కుతుంది. ఈ రోజే డబ్బా ఖాళీ చేసి, మూత రబ్బరు కూడా తీసి కడిగి ఎండలో పెట్టు.